సుషీ కొట్లో చోడవరం బెల్లం



ఈ వేళకు మీలో కొందరు భోజనాలు ముగించి ఉంటారు. కొందరి ఇళ్ళల్లో ఇంకా కుక్కరు కూత వేస్తూ ఉంటుంది. రేడియోని వంటింటి గట్టు మీద పెట్టుకుని వింటున్న అక్కచెల్లెళ్ళకు ముందుగా ఒక మాట. ఇవాళ నేను చెప్పబోయేది అన్నం గురించి. జపాన్ వాళ్ళు సుషీ అని పిలుచుకునే అన్నం గురించి.

సుషీ అనగానే "అమ్మో, పచ్చి చేప!" అని మీలో చాలామంది అనుకుని ఉంటారు. నేనూ అరవై ఏళ్ళు దాటేదాకా అలాగే అనుకున్నాను. అది కాదని నాకు తెలిసింది టోక్యో నగరంలో, నిషి కసాయ్ అనే పేటలో, ఒక చిన్న సుషీ కొట్లో. ఆ కొట్టు గురించి, అది నాకు గుర్తు చేసిన మా ఊరి హోటలు గురించి కాసేపు మీతో మాట్లాడతాను.

మాది చోడవరం. 2022 వరకూ విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలిసిన ఊరు. చుట్టూ చెరుకు తోటలు. పక్కనే గోవాడలో చక్కెర ఫ్యాక్టరీ. మా చిన్నతనంలో గానుగాట మొదలైందంటే రాత్రంతా చెరుకు బళ్ళ చప్పుడు వినిపించేది. గాలిలో తియ్యటి వాసన. చెరుకు పాకం వాసన ముక్కుకి తగలకపోతే మాకు సంక్రాంతి వచ్చినట్టే ఉండేది కాదు.

మా ఊరి బస్టాండు దగ్గర ఒక టిఫిను హోటలుండేది. ఆదివారం తెల్లారగట్ల మా నాన్న నన్ను అక్కడికి తీసుకువెళ్ళేవాడు. లోపల బల్లలు, కుర్చీలు ఉన్నా అక్కడ కూర్చోనిచ్చేవాడు కాదు. వీధి వైపు పెనం ఉండేది. పెనం పక్కన ఒక పొడుగాటి చెక్క బెంచీ. ఆ బెంచీ మీదే కూర్చోవాలి. "అట్టు పెనం మీంచి తిన్నగా నోట్లోకి రావాలిరా. మధ్యలో ఎక్కడా ఆగకూడదు" అనేవాడు నాన్న.

ఆ మాట గుర్తు పెట్టుకోండి. అట్టు మధ్యలో ఎక్కడా ఆగకూడదు.

పెనం దగ్గర ఉండే అట్ల మాస్టరు ముందుగా నీళ్ళు చిలకరించేవాడు. చుయ్యిమనేది. ఈనెల చీపురుతో ఒక్క తుడుపు తుడిచేవాడు. గరిటెడు పెసరపిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పేవాడు. పైన ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర చల్లేవాడు. అంచుల వెంట నూనె వేసేవాడు. ఆ ఆకుపచ్చ అంచు ఎర్రబడుతుంటే నాకు నోరూరిపోయేది. అట్టు మడిచి, ఆకులో పెట్టి, అల్లం పచ్చడి వేసి చేతికిచ్చేవాడు. ఇచ్చి వెంటనే ఇంకో అట్టు మొదలు పెట్టేవాడు. కానీ నేను మొదటి ముక్క తుంపి నోట్లో పెట్టుకుంటున్నప్పుడు ఒక్క క్షణం ఓరకంట నా ముఖంలోకి చూసేవాడు. బాగుందా అని అడిగేవాడు కాదు. చూసేవాడు, అంతే. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

ఇక జపాన్ సంగతి. మా నాయనమ్మకు జపాన్ పేరు చెబితే భయం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. పట్నం ఖాళీ చేసి జనం ఎటు దారి దొరికితే అటు పల్లెలకు వచ్చేశారు. ఆ రోజుల సంగతులు నాయనమ్మ కథలు కథలుగా చెప్పేది. ఆవిడ మునిమనవరాలు, అంటే మా అమ్మాయి, చదువుకుని ఉద్యోగానికి టోక్యో వెళుతుందని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు. ఒక బతుకు నిడివిలో ఎంత మార్పో చూడండి.

మా అమ్మాయి ఉండే నిషి కసాయ్, టోక్యోలో మన భారతీయులు ఎక్కువగా ఉండే పేట. కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ళు చాలామంది ఉంటారు. మెట్రో రైలు దిగి నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతుంది. కందిపప్పు, కరివేపాకు దొరికే కొట్లున్నాయి. మా ఆవిడా నేనూ అక్కడికి వెళ్ళిన మొదటి పది రోజులూ ఇంట్లో పప్పూ అన్నమే తిన్నాం. ఆ తర్వాత ఒక శనివారం సాయంత్రం అమ్మాయి అంది. "నాన్నా, మన వీధి చివర సుషీ కొట్టుంది. నేను ఎప్పుడూ వెళ్ళేదే. రండి, మీరిద్దరూ ఒకసారి చూద్దురుగాని."

"శనివారం పూట నీచు కొట్టుకా?" అంది మా ఆవిడ.

"నీకు పెట్టడానికి వాళ్ళ దగ్గర వేరే ఉందమ్మా, రా" అంది అమ్మాయి.

కొట్టు ముందు నీలం రంగు గుడ్డ తెర వేలాడుతోంది. దాన్ని నోరెన్ అంటారట. తెర కట్టి ఉంటే కొట్టు తెరిచినట్టు, తీసేస్తే మూసినట్టు. తలుపు పక్కకు జరిపామో లేదో లోపలున్న అందరూ ఒక్క గొంతుతో పెద్దగా కేక వేశారు. "ఇరాషైమాసే!" నేను ఉలిక్కిపడ్డాను. "ఏం లేదు నాన్నా, రండి బాబూ రండి అంటున్నారు" అంది అమ్మాయి. అంతే, నా బెరుకు సగం పోయింది. రండి బాబూ రండి అన్న పిలుపు వినే కదా నేను పెరిగింది.

లోపల చాలా చిన్న చోటు. ఒక పొడుగాటి చెక్క గట్టు, దాని ముందు ఎనిమిదో తొమ్మిదో కుర్చీలు. వెనక రెండు బల్లలు. అన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చిన వాళ్ళు మెడలో టైలు వదులు చేసుకుని గట్టిగా నవ్వుకుంటున్నారు. ఒక తండ్రి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. గట్టుకి ఒక కొసన ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒక్కర్తే కూర్చుని టీ తాగుతోంది. గట్టు అవతల ఒక మధ్య వయసాయన, తెల్ల అంగీ, తలకి గుడ్డ కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య టీ కప్పులు అందిస్తోంది. మా అమ్మాయి అతన్ని "తైషో" అని పిలిచింది. మనం మాస్టారూ అని పిలిచినట్టే. సుషీ చేసే మనిషికి ఇంకో పేరుంది, ఇతమాయె అని. ఇత అంటే చెక్క పీట. మాయె అంటే ముందు. పీట ముందు నిలబడేవాడు అని అర్థం. మరి మా ఊళ్ళో పెనం ముందు నిలబడేవాడు ఇంకెవరు?

బల్ల దగ్గర చోటు ఖాళీ అయింది. మా అమ్మాయి అటు వెళ్ళబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "తల్లీ, గట్టు దగ్గర ఖాళీ అయ్యేదాకా ఆగుదాం" అన్నాను. ఎందుకన్నానో మీకు తెలుసు.

పావుగంట నిలబడ్డాం. గట్టు దగ్గర చోటు దొరికింది. వేడి నీళ్ళలో తడిపి పిండిన చిన్న తువ్వాలు ఇచ్చారు, చేతులు తుడుచుకోవడానికి. పెద్ద కప్పుతో వేడి వేడి గ్రీన్ టీ పెట్టారు. ఇక నేను ఆ మనిషి చేతులే చూస్తూ కూర్చున్నాను.

ఆ చేతులు ఏం చేశాయో మీకు చెప్పాలి. రేడియోలో చూపించలేను కదా. మీరు కళ్ళు మూసుకుని ఊహించుకోండి.

పక్కన ఒక గిన్నెలో వెనిగరు కలిపిన నీళ్ళు. వేళ్ళు ముంచి, రెండు చేతులూ రాసుకుని, చప్పట్లు కొట్టినట్టు ఒక్కసారి చరిచాడు. అన్నం చేతికి అంటుకోకుండా అన్నమాట. మన ఇళ్ళల్లో బూరెలు చేసేటప్పుడు చెయ్యి తడి చేసుకోమూ? అలాగ. కుడి చెయ్యి అన్నం పాత్రలోకి వెళ్ళింది. బొటనవేలంత ముద్ద తీసింది. ఎడమ చేతిలో పల్చటి చేప ముక్క. దాని మీద చూపుడు వేలితో వసాబి రాశాడు. వసాబి అంటే ఆకుపచ్చటి ముద్ద, మన ఆవపిండిలా ముక్కులోకి ఎక్కే ఘాటు. ముక్క మీద అన్నం ముద్ద పెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. తిప్పాడు. మళ్ళీ నొక్కాడు. అయిపోయింది. నాలుగైదు కదలికలు. రెప్పపాటు. మా ఎదురుగా చెక్క పలక మీద పెట్టాడు.

"చేత్తో తినొచ్చు నాన్నా" అంది అమ్మాయి. నిజమే. పుల్లలతో తింటారు, చేత్తోనూ తింటారు. చేత్తో తినడమే పాత పద్ధతి. చేత్తో తినే దేశం నుంచి వచ్చిన వాణ్ణి. నాకింకేం కావాలి? తీసి, తిరగేసి, చేప వైపు మాత్రం సోయా సాసుకి తాకించి, నోట్లో పెట్టుకున్నాను. అన్నం వైపు తాకించకూడదు. సాసు పీల్చుకుని ముద్ద విడిపోతుంది.

ముందు నాకు తెలిసింది చేప కాదు. అన్నం. గోరువెచ్చగా ఉంది. కాస్త పులుపు, కాస్త ఉప్పు, వెనకాల ఎక్కడో చిన్న తీపి. పైకి గట్టి ముద్దలా ఉన్నది, నాలుక మీద పడేసరికి మెతుకుకి మెతుకు విడిపోయింది. తలెత్తి చూశాను. తైషో చేతులు ఇంకో ముద్ద చేస్తున్నాయి. కళ్ళు మాత్రం ఒక్క క్షణం ఓరగా నా ముఖం మీద ఉన్నాయి.

అర్ధ శతాబ్దం నాటి చూపు. బస్టాండు దగ్గరి చూపు. మా నాన్న పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

సుషీ అంటే అసలు పులుపు కలిపిన అన్నం. ఇది మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే అందరూ పొరపాటు పడేది ఇక్కడే. సుషీ అంటే పులుపు కలిపిన అన్నం. పచ్చి చేపను ఉత్తగా కోసి పెడితే దాన్ని సుషీ అనరు, సాషిమి అంటారు. అన్నం ఉంటేనే సుషీ. అన్నం మీద ఉడికిన రొయ్య పెట్టినా సుషీయే. గుడ్డట్టు పెట్టినా సుషీయే. కీరదోసకాయ ముక్క పెట్టి నల్లటి సముద్రపు నాచు కాగితంలో చుట్టినా సుషీయే. శనివారం నియమం ఉన్న మా ఆవిడ ఆ పూట తిన్నది ఆ దోసకాయ చుట్టే. దాన్ని కప్పామాకి అంటారు. ఒకటి తిని ఊరుకుంటుందనుకున్నాను. పన్నెండు ముక్కలు తిన్నది.

శాకాహారులకు మాత్రం ఒక జాగ్రత్త. జపాన్‌లో కూరగాయల్ని ఉడకబెట్టే చారులో కూడా చాలాసార్లు చేప ఉంటుంది. సూర జాతి చేపను పొగబెట్టి, కర్రముక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు పల్చగా తురిమి ఆ చారు కాస్తారు. కంటికి కనపడదు. అడిగి తినాలి.

ఆ అన్నం ఎలా చేస్తారో మా ఆవిడ అమ్మాయి చేత అడిగించింది. తైషో భార్య చెప్పింది. పొట్టి గింజ బియ్యం వండుతారు. వేడి మీదుండగానే వెడల్పాటి చెక్క తొట్టిలోకి తీస్తారు. వెనిగరు, ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పైన చల్లుతారు. చెక్క గరిటెతో కలుపుతారు. అది కూడా గుండ్రంగా తిప్పి మెదపరు. గరిటె అంచుతో కోసినట్టు కోసి, తిరగేస్తారు. ఒకరు కలుపుతుంటే ఇంకొకరు విసనకర్రతో విసురుతారు. మెతుకు చిదక్కూడదు. మెతుకు మెతుకూ మెరవాలి.

విని మా ఆవిడ ఏమందో తెలుసా? "పులిహోర కలపడమే కదండీ ఇది!"

అదే కదా మరి. మన ఇళ్ళల్లో పండగనాడు పళ్ళెంలో అన్నం ఆరబోసి, పసుపూ నూనే వేసి, చింతపండు పులుసు కలిపేటప్పుడు అమ్మ ఏమనేది? "మెతుకు చిదపకండర్రా" అనేది. తాటాకు విసనకర్ర చేతికిచ్చి విసరమనేది. చింతపండుకు బదులు వాళ్ళకి వెనిగరు. ఇంగువ పోపు వాళ్ళకి లేదు. అన్నాన్ని చూసుకునే తీరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇంకా వెనక్కి వెళితే ఇంకా దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది. పూర్వం సుషీ అనేది చేపను నిలవ చేసుకునే పద్ధతి. చేపకు ఉప్పు పట్టించి, వండిన అన్నంలో పొరలు పొరలుగా పెట్టి, పైన బరువు పెట్టి నెలల తరబడి ఉంచేవారు. అన్నం పులిసేది. ఆ పులుపుకే చేప పాడవకుండా ఉండేది. తినేటప్పుడు చేప తిని, పులిసిన అన్నం పారేసేవారు. బివా అనే పెద్ద సరస్సు ఒడ్డున ఇప్పటికీ ఆ పద్ధతిలో చేస్తున్నారు. ఫునాజుషి అంటారు. మన పల్లెల్లో తరవాణి కుండ ఉండేది గుర్తుందా? గంజీ కడుగునీళ్ళూ పోసి పులియబెట్టి, ఆ పుల్లటి తేటలో అన్నం నానేసి పొద్దున్నే తినేవాళ్ళం. పులిసిన అన్నం విలువ వరి పండించే ప్రతి జాతికీ తెలుసు. ఎవరి కుండలో వాళ్ళు కనిపెట్టుకున్నారు.

మరి నెలల తరబడి పులిసే తిండి, రెప్పపాటులో చేతికిచ్చే తిండిగా ఎలా మారింది? పట్నం వల్ల. టోక్యో పాత పేరు ఎదో. కూలీలు, వడ్రంగులు, బోయీలు, చిన్న వ్యాపారులతో కిటకిటలాడే పట్నం. పని మధ్యలో నిలబడి తినేసి పోవాలి. నెలలు ఆగే ఓపిక ఎవరికుంది? అన్నం పులిసేదాకా ఆగకుండా, పుల్లటి వెనిగరు కలిపేస్తే సరిపోతుందని కనిపెట్టారు. 1804లో నకానో మతజయెమొన్ అనే ఆయన, సాకే అనే బియ్యపు సారా అమ్మే వ్యాపారి, సాకే వడకట్టాక మిగిలే పిప్పితో వెనిగరు చెయ్యడం మొదలుపెట్టాడు. పారేసే పిప్పి. ఆ వెనిగరు చవగ్గా ఎదో పట్నానికి చేరింది. 1820ల్లో హనాయా యోహే అనే ఆయన, అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి అప్పటికప్పుడు చేతికిచ్చే పద్ధతికి పేరు తెచ్చాడని చెప్పుకుంటారు. ఆ ముద్దలు ఇప్పటి వాటికి రెండు మూడింతలుండేవి. వీధి పక్క బడ్డీల్లో అమ్మేవారు. కూలివాడు వచ్చేవాడు, నిలబడి రెండు ముద్దలు తినేవాడు, చేతులు తుడుచుకుని పోయేవాడు.

అంటే సుషీ పుట్టింది బీదవాడి బడ్డీలో. అద్దాల హోటళ్ళలో, వేల రూపాయల బిల్లుతో ఇవాళ మన హైదరాబాదులో దొరికే సుషీకి అసలు పుట్టిల్లు అది. మన బస్టాండు దగ్గరి పెసరట్టు పెనం లాంటిదే. ఈ సంగతి తెలిశాక నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను.

చేపల దగ్గరికి వద్దాం. తైషో ఎర్రటి చేప ముక్క పెట్టాడు. మగురో. అంటే ట్యూనా. మన మత్స్యకారులు సూర అంటారు. మన పూడిమడక వాళ్ళు పడవలేసుకుని నడి సముద్రంలోకి పోయి, గాలంతో పెద్ద పెద్ద సూరల్ని పడతారు. ఒక్కొక్కటి మనిషంత బరువుంటుంది. చోడవరం సంతలో మేం కోనెం కావాలంటాం, చందువ కావాలంటాం, సూర దగ్గరికి పోనే పోం. ఆ సూర జాతే అక్కడ రాజు! అయితే జపాన్‌లో కూడా ఎప్పుడూ రాజు కాదట. ఎదో కాలంలో సూరంటే చవక చేప. దాని పొట్ట దగ్గరి కొవ్వు ముక్కని ఐసు లేని రోజుల్లో పారేసేవారట. ఇవాళ ఆ చేపలో ఆ కొవ్వు ముక్కే అన్నిటికన్నా ఖరీదు. తొరో అంటారు.

ఆ తర్వాత రొయ్య పెట్టాడు. ఉడకబెట్టి, పొట్ట వైపు చీల్చి, సీతాకోకచిలుక రెక్కల్లా విప్పి అన్నం మీద పరిచాడు. రొయ్య ముడుచుకోకుండా ఉడికే ముందు పుల్ల గుచ్చుతారట. మన కోస్తా చెరువుల్లో పెరిగిన టైగరు రొయ్యలు జపాన్‌కి ఎన్నో ఏళ్ళుగా ఎగుమతి అవుతున్నాయి. ఆ రొయ్య మన నీళ్ళదో కాదో నేను చెప్పలేను. అయి ఉండొచ్చుననుకుంటూ తిన్నాను. ఆ ఊహే రుచిగా ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మీకు గట్టిగా ఒక మాట చెప్పాలి. ఇది విని ఎవరూ సంతలో చేప కొని పచ్చిగా తినకండి. దయచేసి తినకండి. సముద్రపు చేపల్లో కంటికి కనపడీ కనపడని పురుగులుంటాయి. పచ్చిగా తినే చేపను చాలాచోట్ల ముందు గడ్డకట్టించి ఆ పురుగుల్ని చంపుతారు. సున్నాకి దిగువన ఇరవై డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ప్రభుత్వ సూచన. మన ఇంటి ఫ్రిజ్జులో ఐసు గడ్డ కట్టే అర అంత చల్లగా ఉంటుందని నమ్మడానికి లేదు. నిమ్మకాయ పిండినా, వెనిగరు పోసినా ఆ పురుగులు చావవు. ఇక చెరువు చేప, రిజర్వాయరు చేప అయితే పచ్చిగా తినే మాటే తలపెట్టకండి. మా రైవాడ రిజర్వాయరు నుంచి వచ్చిన చేపకు పులుసే న్యాయం. చింతపండు పులుసులో ముక్క వేసి, రాత్రంతా ఉంచి, మర్నాడు తింటే ఉండే రుచి మీకు నేను చెప్పాలా?

మా అమ్మాయి ఇంకో రోజు మమ్మల్ని ఇంకో రకం సుషీ కొట్టుకి తీసుకువెళ్ళింది. అక్కడ గట్టు మీద చిన్న పట్టా తిరుగుతూ ఉంటుంది. దాని మీద సుషీ పళ్ళాలు వరసగా వస్తుంటాయి. కావలసింది తీసుకోవడమే. తిన్నాక ఖాళీ పళ్ళాలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. పళ్ళెం రంగుని బట్టి ధర. ఒసాకాలో షిరాయిషి యోషియాకి అనే హోటలాయనకు పనివాళ్ళు దొరక్క ఇబ్బంది వచ్చింది. బీరు ఫ్యాక్టరీలో పట్టా మీద సీసాలు వెళుతుంటే చూసి ఈ ఆలోచన చేశాడట. 1958లో మొదటి కొట్టు తెరిచాడు. మేం వెళ్ళిన కొట్లో ఆ పట్టా చూడగానే నాకు గోవాడ ఫ్యాక్టరీలో చెరుకు గెడల్ని మిల్లులోకి మోసుకుపోయే క్యారియరు గుర్తొచ్చింది. పిల్లలకు ఆ కొట్టు పండగలా ఉంది. బొమ్మ రైలు చూసినట్టు చూస్తున్నారు. నాకు మాత్రం మళ్ళీ వెళ్ళాలనిపించలేదు. తిండి బాగానే ఉంది. కానీ పళ్ళెం ఎంతసేపటి నుంచి తిరుగుతోందో తెలియదు. చేసిన చెయ్యి కనపడదు. నేను నోట్లో పెట్టుకున్నప్పుడు ఎవరూ నా ముఖంలోకి చూడలేదు.

మధ్యలో ఎక్కడా ఆగకూడదని మా నాన్న అన్నది దీనికే. అట్టు ఆగితే చల్లారుతుందని మాత్రమే అనుకున్నాను చిన్నప్పుడు. చేసేవాడికీ తినేవాడికీ మధ్య ఏమీ అడ్డం రాకూడదన్నది కూడా ఆ మాటలో ఉందని ఇన్నాళ్ళకు తెలిసింది.

నెల రోజుల్లో వీధి చివరి కొట్టుకి ఏడెనిమిది సార్లు వెళ్ళాం. ఆ కొట్లో జనం నాకు పరిచయమైపోయారు. భాష లేదు, తలూపడమే. గట్టు కొసన కూర్చునే పెద్దావిడది ఎప్పుడూ అదే కుర్చీ. ఆవిడ భర్త పోయాడట. ఇంట్లో ఒక్కర్తే. వారంలో నాలుగు రోజులు అక్కడే భోజనం. ఆవిడకు పళ్ళు సరిగా లేవని తైషో చేప ముక్కకు సన్నగా గాట్లు పెట్టి ఇచ్చేవాడు. ముద్ద చిన్నది చేసేవాడు. ఆవిడ అడగలేదు. ఆయన చెప్పలేదు. ఒకరోజు ఆవిడ రాకపోతే, కొట్టు మూసే వేళకు తైషో భార్య ఒక డబ్బా చేతబట్టుకుని బయటికి వెళ్ళడం చూశాను. మన ఊళ్ళల్లో కూడా పెళ్ళికాని పంతుళ్ళు, బదిలీ మీద వచ్చిన గుమస్తాలు, ఒంటరి పెద్దవాళ్ళు ఎందరో ఇలాంటి పేట హోటళ్ళ మీదే బతికారు. "ఏటి బాబూ, రెండ్రోజుల్నుంచి కనబడ్లేదు, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేది అమ్మ తర్వాత ఆ హోటలు మనిషే. మీ పేటలో అలాంటి హోటలుంటే, ఆ మనిషి ముఖం మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది.

మా తిరుగు ప్రయాణం దగ్గర పడింది. చోడవరం నుంచి అమ్మాయి కోసం రెండు బెల్లం దిమ్మలు పట్టుకెళ్ళాను. అందులో సగం దిమ్మ కాగితంలో చుట్టి తైషోకి ఇచ్చాను. మా ఊరి చెరుకు నుంచి వచ్చిందని అమ్మాయి చేత చెప్పించాను. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. కత్తి మడమతో ఒక పలుకు కొట్టి, ముందు వాసన చూశాడు. నోట్లో వేసుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసి భార్యని పిలిచాడు. "కొకుతో!" అన్నాడు. జపాన్ దక్షిణ భాగాన ఒకినావా దీవుల్లో చెరుకు పండుతుంది. ఆ రసం కాచి నల్లటి బెల్లం చేస్తారు. దాని పేరు కొకుతో. మనలాగే పెద్ద బాండీల్లో కాచి, సున్నం వేసి, పాకం చూసి, గట్టిపడనిస్తారు. తైషో భార్య పుట్టిల్లు ఆ దీవుల్లోనేనట. ఆవిడ పలుకు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆఖరి రోజు సాయంత్రం వెళ్ళాం. సుషీ భోజనంలో చివర సాధారణంగా గుడ్డట్టు సుషీ పెడతారు. తమాగో అంటారు. నలుచదరం పెనం మీద పల్చగా పోసి, చుట్టి, మళ్ళీ పోసి, మళ్ళీ చుట్టి, పొరలు పొరలుగా చేస్తారు. కాస్త తియ్యగా ఉంటుంది. తైషో నా ముందు పలక మీద ఆ ముక్క పెట్టాడు. మామూలుగా నిమ్మపండు రంగులో ఉండేది. ఆ రోజు కాస్త ముదురుగా, చామనఛాయగా ఉంది. నేను చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

గోవాడ గాలి. గానుగాట రోజుల రాత్రి.

తలెత్తాను. కొట్లో గోలగా ఉంది. తలుపు దగ్గర ఎవరో వచ్చారు, అందరూ కేక వేశారు. తైషో మాత్రం ఆ కేకలో గొంతు కలపలేదు. చేతిలో పని ఆపి, నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను తలూపాను. ఆయన కత్తి తుడుచుకుని, కొసన ఉన్న పెద్దావిడ కోసం చేపకు గాట్లు పెట్టడం మొదలుపెట్టాడు.